కార్డు ఉంది, కానీ లేదట!

పిల్లలూ, ఈసారి ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెడదాం. నెట్‌వర్కు కార్డు ద్వారానే కంప్యూటరులోకి వచ్చిన ఒక ప్రోగ్రాము, లోపలికి అడుగుపెట్టగానే "ఇక్కడ నెట్‌వర్కు కార్డు లేదు" అంటుంది. వాకిట్లోంచి వచ్చిన చుట్టం, ఈ ఇంటికి వాకిలే లేదన్నట్టు! సర్వర్లను సిద్ధం చేసేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కే ఇది. ఎందుకలా జరుగుతుంది?

అడిగినవారికి అడిగిన సమాచారం అందించే కంప్యూటరే సర్వరు. షాబాద్ మండలంలో ఈ మాట విననివారు తక్కువ. 2020 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ సంస్థ 20,761 కోట్ల రూపాయలతో తెలంగాణలో డేటా సెంటర్లు కడతామన్నప్పుడు, ఎంచుకున్న చోట్లలో ఈ మండలంలోని చందనవెల్లి ఒకటి. ఆ సంస్థ హైదరాబాద్ విభాగం 2022 నవంబరులో పని మొదలుపెట్టింది. పెద్ద డేటా సెంటర్లలో సర్వర్లు అరల నిండా వేలకొద్దీ ఉంటాయి. ఒక్కొక్కదాని దగ్గరకూ మనిషి వెళ్ళి ఆపరేటింగ్ సిస్టం ఎక్కించడం అయ్యే పనేనా?

అందుకే ఆ పనిని తీగెమీదుగానే కానిస్తారు. నెట్‌వర్కు కార్డులోనో మదర్‌బోర్డులోనో పీఎక్స్‌ఈ అనే చిన్న ప్రోగ్రాము ముందే ఉంటుంది. కరెంటు రాగానే అది "నాకొక చిరునామా ఇవ్వండి, సిస్టం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి" అని నెట్‌వర్కులో కేక వేస్తుంది. మరో సర్వరు బదులు పలికి, సిస్టమును ఎక్కించే ఇన్‌స్టాలరును పంపుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇన్‌స్టాలరు రాగానే ఆ చిన్న ప్రోగ్రాము తప్పుకుంటుంది. ఇకమీదట కార్డుతో ఇన్‌స్టాలరే స్వయంగా మాట్లాడాలి. కార్డు కార్డుకూ పద్ధతి వేరు. పంపవలసిన సమాచారం ఎక్కడ ఉంచాలి, వచ్చినది ఎక్కడినుంచి తీసుకోవాలి అన్నవి తెలిసిన ప్రోగ్రామునే డ్రైవరు అంటారు. మరి ఏ కార్డుకు ఏ డ్రైవరో తెలిసేదెలా? ప్రతి కార్డూ రెండు సంఖ్యలు చెప్పుకుంటుంది. ఒకటి తయారీదారుది, రెండోది రకానిది. ఇంటెల్ కంపెనీ సంఖ్య 8086. ఇది 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరు కూడా! ఎవరో సరదా మనిషే ఎంచి ఉండాలి. ఇన్‌స్టాలరు ఈ సంఖ్యలను తన పట్టికలో వెదుకుతుంది. కార్డు కొత్తది, ఇన్‌స్టాలరు పాతది అయితే అవి పట్టికలో ఉండవు. కాబట్టి "కార్డు లేదు" అంటే చాలాసార్లు "ఈ కార్డును నేనెరుగను" అని అర్థమన్నమాట.

ఇప్పుడు మీ బడి సంగతికి వద్దాం. ఇంటర్నెట్టు పోయినా పాఠాలు, నిఘంటువు అన్ని కంప్యూటర్లకూ అందేలా పాత యంత్రమొకదాన్ని సర్వరుగా మారుస్తున్నారనుకోండి. కార్డు కనబడలేదు. "కార్డు పోయింది, కొత్తది కొనండి" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. డబ్బు తీయకండి! బల్బు వెలగకపోతే ముందు బ్యాటరీ, తరువాత తీగె, ఆ తరువాత బల్బు చూస్తాం కదా. ఇక్కడా అంతే. ఒకసారికి ఒకటే మార్చి చూడాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదట సాకెట్టు పక్కనున్న చిన్న దీపం చూడండి. వెలగకపోతే కేబులును రెండు కొసలా పరీక్షించండి. కొసన ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగితే, కేబులు కుదురుగా ఉన్నట్టే కనబడుతూ లోపల వదులవుతుంది. కేబులు బాగుంటే కార్డు సంఖ్యలు చూడాలి. డెబియన్ ఇన్‌స్టాలరులో ఆల్ట్, ఎఫ్2 మీటలు కలిపి నొక్కితే ఆదేశాలిచ్చే తెర వస్తుంది. అక్కడ ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆదేశం లోపలున్న కార్డుల జాబితా చూపుతుంది. జాబితాలో మీ కార్డు లేకపోతే, యంత్రం ఆపి, ప్లగ్గు పీకి, మాస్టారి సమక్షంలో కార్డును తీసి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టాలి. ఉంటే మాత్రం కార్డు బతికే ఉన్నట్టు లెక్క. కావలసింది డ్రైవరు.

డ్రైవరు ఎక్కడ దొరుకుతుంది? ఇంటర్నెట్టులో. ఇంటర్నెట్టు రావాలంటే? డ్రైవరు కావాలి! గుడ్డు ముందా కోడి ముందా అన్న తగవు మళ్ళీ వచ్చింది. మరో కంప్యూటరులో డ్రైవరును దించుకుని పెన్‌డ్రైవులో తేవడం ఒక దారి. కొత్త ఇన్‌స్టాలరు వాడటం ఇంకా సులువు. కొన్ని కార్డులకు డ్రైవరుతోపాటు కార్డులోనే నడిచే ఫర్మ్‌వేరు కూడా కావాలి. 2023 జూనులో వచ్చిన డెబియన్ 12 నుంచి అటువంటివి ఇన్‌స్టాలరులోనే చేర్చి ఇస్తున్నారు. అంతకుముందు వెదికి తెచ్చుకోవలసి వచ్చేది.

డ్రైవరు కుదిరింది, అయినా చిరునామా రాలేదు. అప్పుడు 127.0.0.1 అనే చిరునామాకు పింగ్ చేసి, జవాబు వచ్చిందని సంబరపడేవాళ్ళున్నారు. అది కంప్యూటరు తన వీపు తానే తట్టుకోవడం. ఆ జవాబుకు కార్డుతో పనేలేదు. నిజంగా చూడవలసింది సర్వరు వెనుకభాగం. అక్కడ రెండో నాలుగో సాకెట్లుంటాయి. కేబులు ఒకదానిలో ఉంటే, సిస్టం మరొకదానిలో ఎదురుచూస్తూ ఉండవచ్చు. పూర్వం లైనక్సులో వీటికి కనబడిన వరసలో ఈటీహెచ్0, ఈటీహెచ్1 అని పేర్లుండేవి. మళ్ళీ ఆన్ చేస్తే ఒక్కోసారి పేర్లు తారుమారయ్యేవి. 2013 నుంచి కార్డు ఉన్న చోటునుబట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. ఈఎన్‌పీ3ఎస్0 అంటే మూడో బస్సులో సున్నా స్లాటులోని ఈథర్‌నెట్ కార్డు. ఈ బస్సు చేవెళ్ళ పోయేది కాదు సుమా, కంప్యూటరులో సంకేతాలు నడిచే దారి!

ఆ పేరుగల సాకెట్టు ఏదో కంటితో తెలుసుకోవచ్చు. ఈథ్‌టూల్ అనే ఆదేశానికి అడ్డగీత, పి అక్షరం, సాకెట్టు పేరు చేర్చి ఇవ్వండి. వెనక్కి వెళ్ళి చూడండి. చాలా కార్డుల్లో దీపం మిణుకుమంటుంది. కేబులును ఆ సాకెట్టులోకి మార్చి, చిరునామా మళ్ళీ అడిగించండి.