బిళ్ళగన్నేరు పేరు ఎందుకు మారినది?

బిళ్ళగన్నేరును ఎరుగని విద్యార్థి ఉండడు. ఎవరును నీరు పోయకున్నను పెరటి మూలను ఏడాది పొడవునా పూయుచుండును. దీని జన్మస్థానము మడగాస్కర్ ద్వీపము. పాత పాఠ్యగ్రంథములలో దీనిని వింకా రోజియా అనియు, నేటి గ్రంథములలో కాథరాంథస్ రోజియస్ అనియు వ్రాయుదురు. మొక్క ఒక్కటే గదా, రెండు పేర్లేల?

మొదటి పేరు 1759లో లిన్నేయస్ పెట్టినది. వింకా అనునది యూరపులో నేలపై ప్రాకెడి ఒక మొక్కకు రోమనుల కాలము నుండి వచ్చుచున్న పేరు. లాటిన్‌లో ‘వింకీరె’ అనగా కట్టుట. ఆ మొక్క సన్నని కాడలతో పూదండలు అల్లెడివారు గనుక ఆ పేరు కలిగెనని చెప్పుదురు. మన బిళ్ళగన్నేరు నిటారుగా పెరుగును. దానితో దేనిని కట్టగలము? పూవులలో పోలిక ఉన్నను తక్కిన లక్షణములు వేరు. అందుచే జార్జి డాన్ 1837లో దీనిని ప్రత్యేక ప్రజాతిగా చేసి కాథరాంథస్ అనెను. గ్రీకులో ‘కాథరోస్’ అనగా స్వచ్ఛమైనది, ‘ఆంథోస్’ అనగా పువ్వు.

రోజియా అను పదము రోజియస్ ఎట్లయినదో సంస్కృతము చదివినవారికి వెంటనే తెలియును. విశేషణము విశేష్యపు లింగమును అనుసరించును. వింకా స్త్రీలింగము, కాథరాంథస్ పుంలింగము. నిజమునకు గ్రీకులో ‘ఆంథోస్’ నపుంసకమే. అయినను ‘ఆంథస్’తో ముగియు పేర్లను పుంలింగముగా గ్రహించుట వృక్షశాస్త్ర సంప్రదాయము. వ్యాకరణ పండితులకు ఇది రుచింపకపోవచ్చును! రోజియస్ అనగా గులాబి వన్నె గలది. తెల్లపూలు పూచెడి మొక్కకును ఇదే పేరు.

పాత పేరు మాత్రము మందుల దుకాణములో బ్రతికియున్నది. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అను శాస్త్రజ్ఞులు ఈ ఆకులలో మధుమేహమునకు మందు వెదకబోగా, ఎలుకలలో తెల్ల రక్తకణములు తగ్గుట కనిపించెను. ఆ గుణము గల ఆల్కలాయిడును వేరుచేసి 1958లో ప్రకటించిరి. అదియే విన్‌బ్లాస్టిన్. తరువాత దొరకిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తక్యాన్సరు చికిత్సలో నేటికిని ముఖ్యమైన ఔషధము. ఈ ‘విన్’ వింకాలోనిదే. కావున ఈ మందులు యూరపు వింకా నుండి వచ్చునని విద్యార్థులు భ్రమపడకుండ ఉపాధ్యాయులు చూడవలెను.

స్వచ్ఛపుష్పమను పేరు విని ఆకు నమలరాదు. మొక్క అంతయు విషమే. ఇది చేరిన కుటుంబము అపోసైనేసీ. ఆ పేరునకు మూలమైన గ్రీకు మాటలో ‘అపో’ అనగా దూరముగా, ‘కునోస్’ అనగా కుక్క యొక్క. కుక్కలకు విషమైన మొక్కకు ఆ పేరు. మన గన్నేరుదియు ఈ కుటుంబమే. బిళ్ళగన్నేరు అని పిలిచిన మనవారు ఆ బంధుత్వమును పట్టుకొనిరి.