బడి ఈడు బాలికలకు ఖత్నా: ఈజిప్టు నేర్పే పాఠం



మగపిల్లలకు ఒడుగులు చేయడం మనందరికీ తెలిసిన సున్నత్. కానీ కొన్ని దేశాల్లో ఆడపిల్లలకు కూడా జననాంగంలో కొంత భాగాన్ని కోసివేసే ఆచారం ఉంది. 2024 నాటి యునిసెఫ్ అంచనా ప్రకారం దీని బారిన పడినవారు 23 కోట్లకు పైగా ఉన్నారు. దీనివల్ల ఆరోగ్యపరంగా ఎలాంటి మేలూ లేదు. కీడు మాత్రం చాలా ఉంది: రక్తస్రావం, చీము పట్టడం, మూత్ర బాధలు, కాన్పు కష్టాలు, ఒక్కోసారి మరణం.

ఈ ఆచారం ఎక్కువగా ఉన్న దేశాల్లో ఈజిప్టు ఒకటి. అక్కడ 2015 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 87 శాతం మందికి ఇది జరిగినట్లు తేలింది. సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య, అంటే ప్రాథమిక పాఠశాలలో చదివే వయసులో చేయిస్తారు. పట్టణాల కంటే పల్లెల్లో, ముఖ్యంగా దక్షిణ ఈజిప్టులో ఇది ఎక్కువ. తల్లి చదువుకున్న ఇళ్లలో తక్కువ.

కన్నతల్లే కూతురికి ఇలా ఎందుకు చేయిస్తుంది? ప్రేమ లేక కాదు. ఈ ఆచారాన్ని అక్కడ ‘తహారా’ అంటారు. అంటే శుద్ధి. చేయించకపోతే పిల్ల అదుపు తప్పుతుందని, మంచి సంబంధం రాదని, ఇరుగుపొరుగు వేలెత్తి చూపుతారని భయం. నాయనమ్మ, అమ్మమ్మల మాట కాదనే ధైర్యం కోడళ్లకు తక్కువ. మన దగ్గర ‘జోడే కీ రఖమ్’ కూడా ఇలాంటిదే కదా! తప్పని అందరికీ తెలుసు. కానీ ఒక్క ఇల్లు మానేస్తే తన బిడ్డ పెళ్లి ఆగిపోతుందేమోనని ఎవరి భయం వారిది.

మరో కారణం వైద్యులే. పూర్వం మంత్రసానులు చేసేవారు. ఇప్పుడు బాలికల్లో ఎక్కువ మందికి డాక్టర్లు, నర్సులే చేస్తున్నారు. డాక్టరు చేస్తే ప్రమాదం లేదన్నది తల్లిదండ్రుల నమ్మకం. 2007 జూన్‌లో మిన్యా ప్రాంతంలో ఒక బడిపిల్ల ప్రైవేటు క్లినిక్‌లోనే చనిపోయింది. దానికి ఫీజు 50 పౌండ్లు. 2013 జూన్‌లో మరో పదమూడేళ్ల బాలిక అలాగే మరణించింది. ఆ కేసులో 2015లో డాక్టరుకు శిక్ష పడింది. ఈ నేరానికి ఈజిప్టులో ఒక డాక్టరుకు శిక్ష పడటం అదే మొదటిసారి.

ఇది ధర్మం ఆదేశమా? దివ్య ఖుర్ఆన్‌లో దీని ప్రస్తావనే లేదు. దీనికి ఆధారంగా చూపే హదీసు బలహీనమైనదని, దాన్ని తన గ్రంథంలో చేర్చిన ఇమామ్ అబూ దావూద్ గారే పేర్కొన్నారు. ఈ ఆచారం ఇస్లాంకు ముందు నుంచే నైలు తీరంలో ఉంది. అక్కడి కాప్టిక్ క్రైస్తవ కుటుంబాలూ దీన్ని పాటించాయి. పూర్వపు ఫిఖ్హ్ గ్రంథాల్లో భిన్నాభిప్రాయాలు ఉన్న మాట నిజమే. అయితే 2006లో అల్-అజ్హర్‌లో ధర్మపండితులు సమావేశమై దీన్ని ఖండించారు. 2007లో గ్రాండ్ ముఫ్తీ అలీ జుమా గారు దీన్ని నిషిద్ధమని ప్రకటించారు. 2008లో చట్టం వచ్చింది. 2016లోనూ, 2021లోనూ శిక్షలు పెంచారు.

ఫలితం కొంత కనబడుతోంది. 45-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు అందరికీ ఇది జరిగి ఉండగా, 15-19 ఏళ్ల వారిలో పదిమందిలో ఏడుగురికి జరిగింది. అయినా ఒక్క చట్టంతో పని పూర్తి కాదు. సెనెగల్‌లోని మలికుండా బంబారా గ్రామ స్త్రీలు 1997లో అందరూ కలిసి ఈ ఆచారాన్ని మానేస్తున్నామని ప్రకటించారు. అంతకు ముందు వారు చదువు, ఆరోగ్య తరగతులకు వెళ్లినవారు. ఊరంతా ఒకేసారి మానితే ఏ ఒక్క పిల్లకూ సంబంధం రాదన్న భయం ఉండదు. ఆ తర్వాత వేలాది గ్రామాలు అదే దారి పట్టాయి.

మన దేశంలో బోహ్రా సమాజంలో ‘ఖఫ్జ్’ పేరిట ఉన్న ఆచారంపై వేసిన పిటిషన్‌ను 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. కాబట్టి ఇది ఎక్కడో దూరదేశపు సంగతి మాత్రమే కాదు.

ఆచారాన్ని ధర్మం నుంచి వేరుచేసి చూపేది జ్ఞానమే. ఒక ఆడపిల్ల చదువుకు మీరిచ్చే సదఖా ఆమె వరకే ఆగదు. రేపు ఆమె తల్లి అయినప్పుడు తన కూతురికి హాని తలపెట్టిన మాటకు ‘వద్దు’ అనే ధైర్యాన్నిస్తుంది, ఇన్‌షా అల్లాహ్.