కార్డు కొట్టేసిందెవరు?

కృత్రిమ మేధ అంటే పాకాల జంక్షన్‌లో కుర్రాళ్ల సెల్‌ఫోన్ ముచ్చటే అనుకుంటే పొరపాటు. అది దళితవాడలోని రేషన్ కార్డు దాకా రాగలదు. ఎట్లాగో తెలియాలంటే పక్కనున్న తెలంగాణను చూడాలి.

అక్కడ 2016లో ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లనూ చిరునామాలనూ పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివని అది అంచనా కడుతుంది. మన ఊళ్లలో ఒకే పేరు పదిమందికుంటుంది. ఒక్కో కాగితంలో ఒక్కో అక్షరం మారుతుంది. అందుకే వేరొకరి కారు కూలివాడి లెక్కలో పడుతుంది. బియ్యం ఆగిపోతాయి.

2014-2019 మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు నోటీసు లేకుండానే రద్దయ్యాయి. అన్నీ యంత్రం చేసినవే అనం. కానీ రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

యంత్రానికి కులం లేదంటారు. సరే, దాని తప్పు ఎవరి నెత్తిన పడుతోంది? వెనకటి కరణాన్ని నిలదీయడానికి మనిషన్నా కనిపించేవాడు. ఇప్పుడు ‘సిస్టంలో అట్లా ఉంది’ అంటే ఎవుణ్ణి అడగాలి? కారు లేదని రుజువు చేసుకోవడానికి కూలి పోగొట్టుకునేదీ మనవాళ్లే.

మేం యంత్రాన్ని వద్దనడం లేదు. కార్డు తీసేముందు కారణం తెలుగులో రాసివ్వాలి, జవాబు చెప్పే అధికారి ఎవరో చెప్పాలి అంటున్నాం.