మందు పనిచేసిందని తేలేదెలా?

దేశంలో కోకో పండించడంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ నీడన ఈ చెట్లు పెరుగుతాయి. వీటికి పట్టే టీ దోమ అనే పురుగు లేత కాయల్లో ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది. గుచ్చినచోట నల్లమచ్చ పడుతుంది. పిండినల్లి కాడలకు, పూతకు, పిందెలకు పట్టుకుంటుంది.

మందు కొట్టాక పురుగు తగ్గితే అది మందు గొప్పేనా? వానకూ తగ్గి ఉండొచ్చు.

అందుకే పరీక్షలో తోటను మళ్లుగా విడదీసి, ఏ మడికి ఏ మందో చీటీల పద్ధతిలో తేలుస్తారు. కొన్ని చెట్లకు మందే కొట్టరు. పిచికారీకి ముందు, తర్వాత కొన్ని రోజుల తేడాతో పురుగులు లెక్కపెట్టి, రెండు రకాల చెట్లనూ పోలుస్తారు. మందు లేకుండానే చచ్చే పురుగులను లెక్కలోంచి తీసేసే సూత్రాన్ని అమెరికా కీటక శాస్త్రవేత్త అబాట్ 1925లో ఇచ్చాడు.

పురుగు చస్తే సరిపోదు. కోకో పూలకు పరాగం మోసేవి నలుసంత ఈగలు. వాటినీ చంపే మందుతో కాపే పడిపోతుంది. గింజలో అవశేషాలు మిగిలితే సరుకు తిరస్కరణకు గురికావచ్చు.

ఒకే మందును నమ్ముకున్నా ముప్పే. ఘనాలో కోకో నల్లుల మీద ఏళ్ల తరబడి లిండేన్ అనే మందు వాడారు. 1960ల నాటికి నల్లులు దాన్ని తట్టుకోవడం మొదలుపెట్టాయి.

రైతులు డబ్బా కొనేముందు లేబుల్ మీద పంట పేరు, మోతాదు, కోతకు ఆగాల్సిన రోజులు తప్పక చూసుకోవాలి.