తుపాకీ కూడా తనతోనే దిగాలి

పారాచూట్‌తో దూకే సైనికుణ్ని చూస్తే, అతడు కాళ్లు విరగకుండా నేల మీదికి చేరాడా లేదా అన్నదే మనకు పట్టేది. యుద్ధంలో అది సగం పనే. దిగిన మరుక్షణం చేతిలో తుపాకీ లేకపోతే క్షేమంగా దిగీ ప్రయోజనం లేదు. 1941 మే 20న క్రీట్ ద్వీపం మీద దూకిన జర్మన్లకు ఈ సంగతి ప్రాణాల మీదికి వచ్చాక తెలిసింది. వాళ్ల పారాచూట్ తాళ్లన్నీ వీపు వెనక ఒకచోట కలిసేవి. మనిషి ముందుకు వాలి వేలాడుతూ దిగి, నేల తగలగానే దొర్లాల్సి వచ్చేది. ఒంటికి పొడవాటి రైఫిల్ కట్టుకుని అలా దొర్లడం కష్టం. అందుకని చాలామందికి పిస్తోలు, గ్రెనేడ్లు, కత్తి మాత్రం ఇచ్చి, రైఫిళ్లనూ మెషిన్‌గన్లనూ పెట్టెల్లో సర్ది విడిగా జారవిడిచారు. ఆ ద్వీపంలోని మలేమె దగ్గర న్యూజిలాండ్ సైనికులు కాచుకుని ఉన్నారు. పెట్టె ఎక్కడ పడిందో వెతుక్కుంటూ పరుగెత్తినవాళ్లలో ఎందరో దారిలోనే కూలిపోయారు. కొన్ని పెట్టెలు ఎదుటివాళ్లకే దొరికాయి. జర్మన్ల నష్టాలన్నిటినీ ఈ పెట్టెల మీదికి నెట్టడం న్యాయం కాదు. కానీ ఆయుధాన్నీ మనిషినీ వేరుచేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి అన్నీ ఒంటికే కట్టుకుంటే సరిపోతుందా? నార్మండీ అనుభవం దీనికి అడ్డొస్తుంది. 1944 జూన్ 5 రాత్రి బయల్దేరిన అమెరికన్ పారాట్రూపర్లలో చాలామంది, బ్రిటిష్ వాళ్లు రూపొందించిన పెద్ద సంచుల్ని కాలికి కట్టుకుని దూకారు. విమానాలు ఉండాల్సినదానికన్నా వేగంగా పోతుండటంతో గాలి విసురుకు సంచులు తెగి చీకట్లో కలిసిపోయాయి. మోసుకొచ్చిందంతా పోగొట్టుకుని దిగినవాళ్లున్నారు. అయినా తప్పు ఆలోచనది కాదు, కట్టుడుది. ఆ సంచికి ఓ పొడవాటి తాడుండేది. గాల్లో ఉండగానే దాన్ని కాలి నుంచి విడిచి కిందికి వేలాడదీయాలి. నేటి పద్ధతికి ప్రాణం ఆ తాడే.

ఇప్పటి అమెరికన్ సైనికుడు వీపున పారాచూట్, పొట్ట మీద రిజర్వ్ పారాచూట్, దాని కింద తొడల ముందు తలకిందులుగా బ్యాగు, ఎడమ పక్కన ఒరలో తుపాకీ కట్టుకుని విమానం తలుపు దాకా బాతులా నడుస్తాడు. నేల ఇంకా 200 అడుగులుందనగా, కింద మరో సైనికుడు లేడని చూసుకుని పట్టీ లాగుతాడు. బ్యాగు 15 అడుగుల తాడు కొసన వేలాడుతుంది. బరువెక్కువైతే పారాచూట్ వేగంగా దిగి ఎముకలు విరుగుతాయి కదా అన్న అభ్యంతరానికి జవాబు ఇక్కడే ఉంది. ముందు బ్యాగు నేలను తాకుతుంది. ఆ క్షణం నుంచి పారాచూట్ మోసేది మనిషిని మాత్రమే. మొత్తం 160 కిలోల్లో 50 కిలోలు అలా తగ్గాయనుకుంటే, దిగే వేగం దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. అందుకు సెకనులోపు సమయమే దొరుకుతుంది గానీ, మోకాలికి అది చిన్న మేలు కాదు. పైగా రాత్రివేళ తాడు వదులైందంటే నేల వచ్చేసిందని తెలిసిపోతుంది.

దారి వెతుక్కుంటూ దిగే సరుకు పారాచూట్లు వచ్చాక ఈ మోత దేనికి అనవచ్చు. పెద్ద సామానుకు అవి మేలే. 1971 డిసెంబర్ 11న అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని టంగాయిల్‌లో మన 2 పారా బెటాలియన్ దిగినప్పుడు కూడా ఫిరంగులూ జీపులూ విడి పారాచూట్లతోనే దిగాయి. వాటిని మనిషికి కట్టలేం. కానీ సరుకు ఎంత కచ్చితంగా దిగినా, దాని దాకా వెళ్లేలోపు కాల్చాల్సి వస్తే రైఫిల్ చేతిలో ఉండాల్సిందే. ఈ వాదన తేలిపోయేది మోర్టార్ దగ్గర. గొట్టం ఒకడు, అడుగు పలక ఇంకొకడు మోస్తారు. ఎవరి భాగం వాళ్ల దగ్గరే భద్రంగా ఉన్నా, గాలి వాళ్లను కాలువకు చెరో వైపు దించిందంటే, ఇద్దరూ కలిసేదాకా ఆ మోర్టార్ ఒక్క గుండూ పేల్చలేదు.