పాల పరీక్షకు ముందు మన పరీక్ష

సహకార సంఘానికి పెట్టుబడి రెండు రకాలు. ఒకటి వాటాధనం, రెండవది నమ్మకం. వాటాధనం తగ్గితే ఆడిట్‌లో తేలుతుంది. నమ్మకం తగ్గితే మాత్రం పాలు పోసేవారు ఒక్కొక్కరే ప్రైవేటు వ్యాపారి వైపు మళ్ళిన తరువాతనే తెలుస్తుంది. ఈ నమ్మకాన్ని తొలిచే పురుగు ఒకదానిని గురించి సభ్యులకు మనవి చేయదలచాము. మనిషి కట్టు చూడగానే, మాట వినగానే, "వీళ్ళింతే" అని మనసులో ముందే తీర్పు రాసుకునే అలవాటే ఆ పురుగు.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఈ విషయం మరీ ముఖ్యమైనది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలకు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్‌ల నుంచి కార్మికులు వచ్చి చుట్టుపక్కల గ్రామాలలో గదులు అద్దెకు తీసుకొని ఉంటున్నారు. నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు లంబాడీ తండాలున్నాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు, సరిహద్దు గ్రామాలలో కన్నడం మాట్లాడేవారు ఉన్నారు. ఒకే బజారులో నాలుగు భాషలు వినిపించే చోట మన అంచనాలు తప్పడానికి అవకాశాలు కూడా నాలుగింతలు.

మనం మనుషులకు తగిలించే పేర్లు ఎంత పైపైవో చూడండి. లంబాడీలు తెలంగాణలో 1977 నుంచి షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. పక్కనున్న కర్ణాటకలో వారు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. మహారాష్ట్రలో విముక్త జాతుల కింద లెక్కిస్తారు. హద్దురాయి దాటగానే కాగితం మీద పేరు మారింది గాని మనిషి మారలేదు, ఆయన బర్రె ఇచ్చే పాలూ మారలేదు.

ఇక పాల కేంద్రం దగ్గర జరిగేది చూద్దాము. తండా నుంచి వచ్చిన సభ్యురాలి పాలలో లాక్టోమీటరు తక్కువ చూపింది. వెంటనే, "ఆ తండా పాలంటేనే నీళ్ళు" అని నలుగురిలో ఒక మాట పడుతుంది. అదే అంకె ఊరి పెద్దమనిషి పాలలో వస్తే, "ఇంకోసారి చూడవయ్యా" అంటారు. అంకె ఒక్కటే, మాటలు రెండు. పక్షపాతమంటే ఇదే.

శాస్త్రం ఏమి చెబుతుందో గమనించాలి. లాక్టోమీటరు ఒక నిర్ణీత వేడిమికి సరిచేసి తయారు చేస్తారు. 27 డిగ్రీలకు సరిచేసిన దానితో అంతకంటె వేడిగా ఉన్న పాలను చూస్తే, ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.2 చొప్పున కలుపుకోవాలి. అప్పుడే పితికిన పాలు 37 డిగ్రీల దగ్గర ఉంటే, 26 అని చూపిన అంకె లెక్కకు సుమారు 28 అవుతుంది. అప్పుడే పితికిన పాలలో చిక్కుకున్న గాలి బుడగలు కూడా అంకెను తగ్గిస్తాయి. వెన్న నీటికంటె తేలిక గనుక వెన్న ఎక్కువున్నా అంకె కొంత తగ్గుతుంది. కాబట్టి తక్కువ అంకె చూసినంత మాత్రాన నీళ్ళు కలిపారని రుజువు కాదు. అది మరొక పరీక్ష అవసరమని చెప్పే సూచన మాత్రమే. ఇప్పుడు చాలా కేంద్రాలకు యంత్రాలు వచ్చాయి. యంత్రం అంకె చూపుతుంది గాని, దాని పక్కన మనం అనే మాటను ఏ యంత్రమూ సరిచేయదు.

ముందుగా తీర్పు చెప్పే జబ్బు చదువుకున్నవారికీ ఉంటుంది. 1998లో అమెరికాలో మెలనీ టర్వలన్, జాన్ మర్రే-గార్సియా అనే ఇద్దరు వైద్యురాళ్ళు ఒక వ్యాసంలో ఒక సంగతి రాశారు. శస్త్రచికిత్స అయి మూలుగుతున్న ఒక రోగిని చూసి, ఆమెకు నొప్పి ఎక్కువగా ఉన్నట్లుందని డాక్టరు అన్నాడు. పక్కనున్న నర్సు కొట్టిపారేసింది. ఆ జాతివారు నొప్పిని ఎక్కువ చేసి చూపుతారని తాను పాఠాలలో నేర్చుకున్నానని చెప్పింది. అంటే ఇతరుల ఆచారాల గురించి నేర్చిన నాలుగు ముక్కలే ఎదుటి మనిషిని చూడనీయకుండా అడ్డుపడ్డాయి. అందుకే, ఇతరుల సంస్కృతి మాకు తెలుసుననే ధీమా కంటె, తెలియదని ఒప్పుకొని అడిగి తెలుసుకునే అణకువ ముఖ్యమని, అది జీవితాంతం సాగవలసిన అభ్యాసమని ఆ వైద్యురాళ్ళు వివరించారు. ఆసుపత్రిలో అధికారం వైద్యునిది. పాల కేంద్రంలో అది పరీక్ష చేసేవాని చేతిలో ఉంటుంది. అణకువ ముందుగా ఉండవలసింది అధికారం ఉన్నచోటనే.

మన పాల ఉద్యమంలోనే ఇందుకు ఉదాహరణ ఉన్నది. కేరళకు చెందిన వర్ఘీస్ కురియన్ గారు 1949లో గుజరాత్‌లోని ఆనంద్ చేరినప్పుడు, క్రైస్తవుడని, మాంసాహారి అని, బ్రహ్మచారి అని ఆయనకు ఇల్లు అద్దెకు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఒక గ్యారేజీలో కాపురం పెట్టవలసి వచ్చింది. తరువాత ఆ ఊరి పేరును దేశమంతటికీ తెలియజేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఈనాడు మన గ్రామాలలో, "బీహారువాళ్ళకు గది ఇవ్వము" అనేవారు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి.

సంఘాలు ఆచరించదగిన కొన్ని పద్ధతులు:

1. నమూనా ముందు, మాట తరువాత. పరీక్ష పూర్తయ్యేవరకు పాలను గురించి గాని, తెచ్చినవారిని గురించి గాని ఏమీ అనరాదు.

2. ఫలితాన్ని సభ్యునికి చూపించాలి. అనుమానం వస్తే రెండవసారి చూడటం అందరికీ ఒకే విధంగా జరగాలి.

3. కులంతోనో, తండా పేరుతోనో, "ఓ బీహారీ" అనో పిలవరాదు. పేరు అడిగి, వారు చెప్పినట్లే రిజిస్టరులో రాసి, ఆ పేరుతోనే పిలవాలి.

4. పాలు ఆలస్యమైనా, తగ్గినా కారణం ఊహించకుండా అడగాలి. పండుగ కావచ్చు, పశువుకు జబ్బు కావచ్చు, కంపెనీలో రాత్రి షిఫ్టు కావచ్చు.

5. "మీ మాట నాకు బాధ కలిగింది" అని ఎవరైనా అంటే వాదించకుండా ముందు వినాలి.

6. పాలకవర్గ సమావేశంలో కుర్చీ, మంచినీళ్ళ గ్లాసు అందరికీ ఒకటే కావాలి. మహిళా సభ్యులను, తండా సభ్యులను వారి అభిప్రాయం పేరుపెట్టి అడగాలి.

స్త్రీపురుష, సాంఘిక, జాతి, రాజకీయ, మత భేదాలు లేకుండా సభ్యత్వం అందరికీ తెరిచి ఉండాలని 1995లో అంతర్జాతీయ సహకార కూటమి ప్రకటించిన సూత్రాలలో మొదటిదే చెబుతున్నది. సభ్యత్వం ఇచ్చినంత మాత్రాన ఆ సూత్రం నెరవేరదు. ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం పాల వరుసలో అది నెరవేరాలి. కేంద్రంలో పాలన్నీ ఒకే క్యానులో కలుస్తాయి. పోసిన చేతులకు కూడా అంతే సమానమైన మర్యాద దక్కేటట్లు చూడవలసిన బాధ్యత సంఘ సభ్యులందరిదీ.