ధర చూసి కాదు... చెయ్యి చూసి!

"పిన్నీ, నాకో జంప్ క్యూ కావాలి!"

ఆదివారం పొద్దున్న పెనం మీద పెసరట్టు తిరగేస్తున్నదాన్ని, ఆ మాట వినగానే నాకు రైల్వే రిజర్వేషన్ కౌంటరు గుర్తొచ్చింది. "క్యూ జంప్ చెయ్యడమేమిటే, అందరితోపాటు వరసలో నిలబడలేవూ?" అన్నాను. మా అక్క కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆ క్యూ కాదు పిన్నీ! పూల్ ఆడే కర్ర!"

నవ్వు ఆగాక గొంతు తగ్గించి, "నాన్నకి మాత్రం చెప్పకు" అంది. నా చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది.

తను ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదువుతోంది. క్యాంపస్ హాస్టల్లో ఉంటుంది. శనివారం సాయంత్రం తార్నాకలో ఉన్న మా ఇంటికొచ్చి, సోమవారం పొద్దున్నే పోతుంది. అక్కా బావగారూ ఖమ్మం దగ్గర పల్లెలో ఉంటారు. "నువ్వున్నావు కాబట్టి దాన్ని అంత దూరం పంపాను" అని అక్క నెలకోసారైనా అంటుంది. ఆ మాటకున్న బరువు పిల్లల్ని ఎవరింట్లోనైనా ఉంచిన తల్లులకీ, ఉంచుకున్న పిన్నులకీ తెలుస్తుంది.

ఏడాదిగా స్నేహితురాళ్ళతో కలిసి పూల్ ఆడుతోందట! ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఇప్పుడా కర్ర కొనుక్కుంటుందట. ఫోన్లో బొమ్మ కూడా చూపించింది. నల్లగా, నున్నగా, పొట్టిగా ఉంది. ధర చూస్తే అయిదంకెలు! మా ఇంట్లో రెండు నెలల పచారీ సామాను!

నేను డిగ్రీ చదివేటప్పుడు, 2006 ప్రాంతంలో, స్నూకర్ పార్లర్ అంటే క్లాసులెగ్గొట్టిన మగపిల్లలు వెళ్ళే చోటు. "ఫలానావాళ్ళబ్బాయి పార్లర్లో కనిపించాడట" అంటే వాడు చెడిపోయాడని అర్థం. మరి ఆడపిల్ల కనిపిస్తే? ఆ ప్రశ్న అడిగే అవసరమే రాలేదెవరికీ.

వద్దనెయ్యడం చాలా తేలిక. కానీ వద్దంటే మానేస్తుందా, నాకు చెప్పడం మానేస్తుందా? రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే అన్నాను: "ముందు నువ్వు ఆడే చోటు నాకు చూపించు. కర్ర సంగతి తర్వాత."

ఆ మెట్లెక్కి చూస్తే...

తర్వాతి శనివారం ఆర్ట్స్ కాలేజీ ముందు కలుసుకున్నాం. అక్కణ్ణించి చెట్ల నీడన కబుర్లు చెప్పుకుంటూ తార్నాక దాకా నడిచొచ్చాం. చౌరస్తా దాటాక ఒక సందులో, మందుల షాపు పైన రెండో అంతస్తు. మెట్లెక్కుతుంటే నా గుండె దడదడలాడింది. తెలిసినవాళ్ళెవరైనా చూస్తే? చూస్తే ఏమిటి? నలభైకి దగ్గరపడుతున్న ఇల్లాలిని, నాకే ఇలా ఉంటే ఆ పిల్లకి మొదటిరోజు ఎలా ఉండుంటుందో!

లోపలికెళ్ళాక ముందు ఆశ్చర్యపరిచింది నిశ్శబ్దం. లైబ్రరీలో కూడా అంత నిశ్శబ్దం ఉండదు. ఆరు బల్లలు. ఒక్కో బల్ల మీదికి వేలాడే దీపాలు. బంతికి బంతి తగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. కౌంటరు దగ్గర యాభై ఏళ్ళ పెద్దమనిషి లేచి, "కూర్చోండమ్మా" అన్నారు.

నేను చూసినవి ఇవీ: పొగ వాసన లేదు. కెమెరాలున్నాయి. ఆడవాళ్ళకి విడిగా, శుభ్రంగా బాత్రూము ఉంది. తను మొదట వేరేచోటికి వెళ్ళేదట, అక్కడ సిగరెట్ల కంపు భరించలేక మానేసిందట. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని 2008 నుంచీ నిషేధించినా, ఆ సంగతి కొందరి చెవిన పడలేదు మరి! మీ పిల్లలు ఇలాంటిచోటికి వెళ్తుంటే ఈ మూడూ మీరే కళ్ళారా చూడండి. రాత్రి ఎన్నింటికి మూస్తారో, పిల్ల ఇంటికెలా చేరుతుందో కూడా అడగండి.

పైకి లేవాలంటే కిందికి కొట్టాలి

ఇక కర్ర సంగతి. పూల్‌లో తెల్లబంతిని క్యూతో కొట్టి, అది మిగతా బంతుల్ని తగిలి గుంటల్లో వేసేలా ఆడతారు. అయితే మనం ముందుగా తగలాల్సిన బంతి ఒకటి ఉంటుంది. దానికీ తెల్లబంతికీ మధ్య ఎదుటివాళ్ళ బంతి అడ్డంగా వచ్చి కూర్చుంటే? తగలకపోతే ఫౌల్. నైన్‌బాల్ ఆటలోనైతే ఎదుటివాళ్ళు తెల్లబంతిని చేత్తో తీసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుని ఆడతారు. ఆ ఒక్క తప్పుతో ఆటంతా పోవచ్చు.

అప్పుడు మూడు దారులు. బంతిని బల్ల అంచు రబ్బరుకి కొట్టి తిప్పి తేవడం ఒకటి. పక్కకి వంపు తిరిగేలా కొట్టడం రెండోది. అడ్డున్న బంతి మీంచి గెంతించడం మూడోది. ఈ మూడోదానికే జంప్ క్యూ.

"నన్నూ ఒకసారి కొట్టనివ్వండి" అన్నాను. గరిటెతో పూరీని లేపినట్టు బంతి అడుగున పొడిచి లేపాను. గెంతింది! నేను చప్పట్లు కొట్టుకునేలోపే మా పిల్ల, "ఫౌల్ పిన్నీ!" అంది. అడుగునుంచి తోడి లేపడం నిబంధనలకి విరుద్ధమట. కర్ర వెనకభాగం పైకెత్తి, బంతి పైసగం మీద కిందికి కొట్టాలి. కింద బట్ట, బట్ట కింద రాతి పలక. బంతి ఆ పలకకి తగిలి తనంతట తనే లేస్తుంది. అడ్డున్న బంతి ఎంత దగ్గరుంటే కర్రని అంత నిటారుగా ఎత్తాలి.

మామూలు పూల్ క్యూ 57, 58 అంగుళాల పొడవుంటుంది. బరువు అర కిలోకి కాస్త ఎక్కువ. దాన్ని ఎత్తి కొడితే బంతి లేచేలోపే కర్ర మళ్ళీ తగులుతుంది, లేదా బంతిని నొక్కేస్తుంది. పూల్ బంతి బరువే 160 గ్రాముల చిల్లర. జంప్ క్యూ పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి కొట్టగానే చటుక్కున వెనక్కి వస్తుంది, బంతికి దారి ఇస్తుంది. కొసన ఉండే టిప్ కూడా గట్టిది. మెత్తటి తోలు టిప్ అయితే దెబ్బలో కొంత తానే మింగేస్తుంది.

కొనేముందు అడగాల్సినవి

ఇదంతా చెప్పి ఆ పెద్దాయన, "అమ్మా, పిల్లలు ఫోన్లో చూసి ఖరీదైనది కొనేస్తారు. ఆర్నెల్లకి మూలన పడేస్తారు" అన్నారు. ఆయన చెప్పినవీ, తర్వాత మేమిద్దరం చదివి తెలుసుకున్నవీ మీకోసం రాస్తున్నాను.

మొదటిది, ఏ ఆట? పిల్లవాడు ఆడేది స్నూకరైతే జంప్ క్యూ దండగ. అందులో బంతి మీంచి గెంతించడమే ఫౌల్. పూల్ ఆడేవాళ్ళకే ఇది.

రెండోది, ఎక్కడ ఆడతారు? వరల్డ్ పూల్-బిలియర్డ్ అసోసియేషన్ కొలతల ప్రకారం క్యూ కనీసం 40 అంగుళాలుండాలి. బరువు 25 ఔన్సులు, అంటే ఏడువందల గ్రాముల పైచిలుకు, మించకూడదు. టిప్ వెడల్పు 14 మిల్లీమీటర్లు దాటకూడదు. ముద్దుగా ఉందని అంతకంటే పొట్టిది కొంటే పోటీలో పనికిరాదు. కొన్ని పోటీల్లో మరీ గట్టి టిప్పుని ఒప్పుకోరు. కొన్ని పార్లర్లలో బట్ట పాడవుతుందని అసలు జంప్ షాటే కొట్టనివ్వరు. ముందే అడిగి తెలుసుకోవాలి.

మూడోది, ఒకటా, రెండిట్లో ఒకటా? ఆట మొదట్లో బంతుల్ని చెదరగొట్టడానికి బ్రేక్ క్యూ వాడతారు. దాని తోక మర విప్పేస్తే జంప్ క్యూ అయ్యే రకాలున్నాయి. ఖర్చు కలిసొస్తుంది. కానీ విడిగా చేసిన జంప్ క్యూ కంటే ఇది సాధారణంగా బరువు. మణికట్టు సన్నగా ఉన్నవాళ్ళు పట్టి చూసుకోవాలి.

నాలుగోది, తిన్నగా ఉందా? అప్పడాల కర్ర కొనేటప్పుడు దొర్లించి చూడమూ? ఇదీ అంతే. మర బిగించి బల్ల మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. కలిపినచోట వదులుండకూడదు. కొన్నాక గోడకి ఆనించి వదిలెయ్యకూడదు. కర్రది అయితే ఎండకీ చెమ్మకీ వంగుతుంది. సంచీలో పెట్టుకోవాలి.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. చేతిలో పెట్టి కొట్టించి చూడాలి.

పదింటిలో ఎన్ని?

ఆ పెద్దాయన తన దగ్గరున్న మూడు రకాలు బల్ల మీద పెట్టారు. తెల్లబంతి కింద చిన్న బట్టముక్క వేశారు. సాధన చేసేటప్పుడు అలా వేస్తే బల్ల బట్ట మీద మచ్చలు పడవట. "ఒక్కోదానితో పదిసార్లు కొట్టు. ఎంత ఎత్తు లేచిందని కాదు, దాటి వెళ్ళి అవతలి బంతిని తగిలిందా అని లెక్కపెడదాం" అన్నారు. లెక్క నాకప్పగించారు. పచారీ చీటీ వెనకాల రాసుకున్నాను.

మొదటిది దాదాపు మా పిల్ల మోజుపడ్డ రకమే. పువ్వులా తేలిగ్గా ఉంది. బంతి ఎగిరింది, అబ్బో ఎంత ఎగిరిందో! రెండుసార్లు బల్ల దాటి కిందపడింది. అదీ ఫౌలే. పదింటిలో మూడు తగిలాయి. రెండోది బ్రేక్ క్యూ విప్పి చేసినది. ఎనిమిదోసారికే తన చెయ్యి నొప్పెట్టింది. పదింటిలో నాలుగు. మూడోది చూడ్డానికి సాదాగా ఉంది. 41 అంగుళాలు, మామూలు చెక్క, మధ్యరకం బరువు. పదింటిలో ఏడు!

ఆ మూడోదాని ధర, ఫోన్లో చూసినదానిలో సగం కూడా లేదు. తను నావంక చూసింది. నేనేమీ అనలేదు. అన్నీ ఆ చీటీయే చెప్పింది.

"వెంటనే కొనకమ్మా. రెండు నెలలు నా కర్రతోనే ఆడు. రబ్బరుకి కొట్టి తిప్పడం ముందు నేర్చుకో. ఆటలో గెంతించే అవసరం ఎప్పుడో గానీ రాదు" అన్నారాయన. సరుకు అమ్ముకోగలిగిన మనిషి ఆగమని చెప్పాడంటే నమ్మొచ్చు అనిపించింది.

అక్కకి ఫోన్

ఇంటికొచ్చాక అన్నాను: "నేను కూడా కొంత డబ్బు వేస్తాను. కానీ ఒక షరతు. ఫోన్ చేసి నీ అంతట నువ్వే అమ్మకి చెప్పు."

తను ఏడ్చింది. "మాన్పించేస్తారు పిన్నీ" అంది. నాకూ భయమే. అక్క నామీద పెట్టుకున్న నమ్మకం ఏమవుతుందో! కానీ దాచితే అది పిల్ల తప్పు కాదు, నా తప్పవుతుంది.

చెప్పేముందు ఇద్దరం కూర్చుని కొన్ని సంగతులు పోగేసుకున్నాం. స్నూకర్ పుట్టిందే మన దేశంలో, 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో. ఇంగ్లండ్‌కి చెందిన ఆలిసన్ ఫిషర్ మహిళల స్నూకర్‌లో ఏడుసార్లు ప్రపంచ ఛాంపియనై, 1995లో అమెరికా వెళ్ళి పూల్‌లోనూ రాణించింది. బెంగళూరు చిత్రా మగిమైరాజ్ హాకీ ఆడుతూ గాయపడి, క్యూ పట్టుకుని ప్రపంచ ఛాంపియన్ అయింది. మన విద్యా పిళ్ళై 2017లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ మహిళల స్నూకర్ ఫైనల్ దాకా వెళ్ళి, హాంకాంగ్ అమ్మాయి చేతిలో 5-6 తేడాతో, ఒక్క ఫ్రేములో ఓడింది.

ఇవేవీ అవసరం రాలేదు. పిల్ల చెప్పినదంతా విని అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిన్ని వచ్చి చూసిందా?" అని అడిగింది. "చూసింది." "అక్కడ దీపాలు బాగా వెలుగుతాయా?" "బాగా వెలుగుతాయమ్మా." "ఏడింటికల్లా హాస్టల్‌కి చేరుకో. మీ నాన్నకి నేను చెబుతాలే."

అంతే! మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

రెండు నెలల తర్వాత ఆ సాదా కర్రే కొన్నాం. ఒకవంతు నేను, మూడువంతులు తను. బావగారు ఇంకా తనతో ఆ విషయం మాట్లాడలేదు. అక్క మాత్రం పోయినవారం ఫోన్లో నన్నడిగింది: "ఆ పొట్టికర్రతో ఇప్పుడు పదింటిలో ఎన్ని తగులుతున్నాయే?"

ఎనిమిదని చెప్పాను.